పాత లేత్‌లో ఏ ఆయిల్ పోయాలి? నాలుగు డబ్బాల రివ్యూ

నమస్తే అండి. టేబుల్ మీద నాలుగు డబ్బాలు పెట్టాను చూడండి. 68 హైడ్రాలిక్, మిషన్‌లో జారే పట్టాలకి వేసే 68 స్లైడ్‌వే, బైకుల్లో పోసే 20డబ్ల్యూ40, లారీ డిఫరెన్షియల్‌లో పోసే 90 గేరాయిల్. వెనకాల ఉన్నది లేత్, ఇనుప ముక్కని తిప్పుతూ చెక్కే మిషన్. గేర్లతోనే స్పీడు మార్చే ఆల్ గేర్డ్ రకం, పంజాబ్‌లోని బటాలా మాల్. మాన్యువల్ ఎప్పుడో పోయింది, ఆయిల్ వివరాలున్న ప్లేటు మీద ఎవరో మహానుభావుడు పెయింట్ కొట్టేశాడు. బాలానగర్‌లో చూసినా విజయవాడ ఆటోనగర్‌లో చూసినా ఇలాంటి మిషన్లు బోలెడు కాబట్టి దీన్ని పెట్టుకునే మాట్లాడదాం.

ముందు ఈ నెంబర్ల గొడవ తేల్చేద్దాం. 68 కన్నా 90 కాస్త చిక్కగా ఉంటుందిలే, పాత మిషన్ కదా, చిక్కగా ఉంటే గేర్ల మోత తగ్గుతుంది అని పోసేస్తుంటారు, కానీ ఆ రెండూ ఒకే లెక్క కాదండీ. 68 అంటే ఐఎస్ఓ వీజీ లెక్క, 40 డిగ్రీల వేడి దగ్గర కొలిస్తే ఆయిల్ చిక్కదనం 68 సెంటీస్టోక్స్ అటూ ఇటూ ఉంటుందని. 40 డిగ్రీలంటే మే నెలలో మన రేకుల షెడ్డే! అదే వేడి దగ్గర 20డబ్ల్యూ40ని కొలిస్తే వంద దాటిపోతుంది, 90 గేరాయిల్ అయితే 68కి దాదాపు మూడు రెట్లు. అంత చిక్కటిది హెడ్‌స్టాక్‌లో, అంటే లేత్ ఎడమ పక్క గేర్లుండే పెట్టెలో పోస్తే పై స్పీడ్లలో గేర్లు దాన్ని చిలుకుతూనే ఉంటాయి, మోటారుకి లోడు, హెడ్‌స్టాక్‌కి వేడి. మోత తగ్గుతుంది, నిజమే. పైగా లారీ గేరాయిల్‌లో గంధకం మందు ఉంటుంది, ముఖ్యంగా జీఎల్5 అని రాసి ఉన్న వాటిలో ఎక్కువ, వేడెక్కినప్పుడు అది గన్‌మెటల్ బుష్‌లని, అంటే షాఫ్టులు తిరిగే పసుపు లోహపు గొట్టాలని తినేస్తుంది. మన పాత లేత్‌లలో ఎక్కడ చూసినా గన్‌మెటల్ బుష్‌లే. కాబట్టి ఈ డబ్బా పక్కన పెట్టేస్తున్నా.

ఇంజనాయిల్ సంగతి. అందులో డిటర్జెంట్ ఉంటుంది, మురికిని కిందకి దిగనివ్వకుండా ఆయిల్‌లోనే తేలుతూ ఉంచడం దాని పని. ఇంజన్‌లో ఫిల్టర్ ఉంది, పట్టుకుంటుంది. మన హెడ్‌స్టాక్‌లో ఫిల్టర్ ఎక్కడిది? ఆ సన్నటి ఇనుప పొడి బేరింగుల్లోంచి తిరుగుతూనే ఉంటుంది. చుక్క వేస్తే బయటికి కారిపోయే ఆయిల్ కప్పులున్న చోట ఇంజనాయిల్ వాడారంటే నేను పెద్దగా గొడవపడను, కానీ బైకులోంచి తీసిన నల్లాయిల్ పోస్తారు చూడండి, అది మాత్రం దయచేసి వద్దు. మసి, ఇనుప పొడి, యాసిడ్ అన్నీ అందులోనే ఉంటాయి.

హెడ్‌స్టాక్‌కి నా ఓటు 68 హైడ్రాలిక్‌కే. సర్వో సిస్టమ్ 68, ఎంక్లో 68, టెల్లస్ 68, మీ ఊళ్లో ఏది దొరికితే అది, ఈ పనికి వాటి మధ్య పెద్ద తేడా చూడక్కర్లేదు. మురికి అడుగుకి దిగిపోతుంది, డ్రెయిన్ చేసినప్పుడు దాంతోపాటే పోతుంది. అయితే స్పిండిల్ (ముక్కని పట్టి తిప్పే షాఫ్టు) బుష్‌ల మీద వేగంగా తిరిగే చిన్న లేత్ అయితే 68 చిక్కనైపోవచ్చు, వాటిలో చాలావాటికి 32 అడుగుతారు. ప్లేటు ఉంటే ప్లేటు మాటే వినండి.

ఇప్పుడు బెడ్, అంటే టూలు పట్టే భాగాలు జారే పట్టాలు. ఇది దగ్గరగా చూపిస్తాను, టూలుని అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్ డయల్ మీదే చూపు పెట్టండి. హైడ్రాలిక్ ఆయిలే రాసి ఉంది. హ్యాండిల్ మెల్లగా ఒక్క గీత తిప్పుతున్నా... ఎంత జరిగిందో చూపే డయల్ ఇండికేటర్ ముల్లు కదల్లేదు. ఇంకో గీత తిప్పగానే, అదిగో, ఒక్కసారి ఎగిరింది. తుడిచేసి స్లైడ్‌వే ఆయిల్ వేశాను, ఇప్పుడు చూడండి, గీతకి గీత నడుస్తోంది. రెండూ 68లే, చిక్కదనం ఒకటే, కానీ ఇందులో అంటుకునే గుణం ఉంది, వేళ్ల మధ్య నొక్కి విడదీస్తే తీగ సాగుతుంది. సర్వోవే 68, వ్యాక్ట్రా నెంబర్ 2 ఈ రకమే. రేటు ఎక్కువే, కానీ బెడ్‌కి పట్టేది ఎంత! వేసే ముందు పాత ఆయిల్, చిప్స్ గుడ్డతో తుడవండి, లేదంటే కాస్ట్ ఐరన్ పొడిని బెడ్ మీద జారే సాడిల్ కిందకి మీరే తోసినట్టు.

డ్రెయిన్ చేసేటప్పుడు మిషన్‌ని కాసేపు నడిపి వేడి మీదే తీయండి. ఆయిల్ మజ్జిగలా తెల్లగా వచ్చిందంటే టూలు చల్లబడటానికి పోసే కూలెంట్ కలిసినట్టు. పసుపు రంగు తళుకులు కనిపిస్తే బుష్ అరుగుతోంది, దానికి ఆయిల్ మార్చినా లాభం లేదు.

ఆఖరుగా, కామెంట్లలో అడుగుతారని ముందే చెప్తున్నా. మరలు కోయడానికి వాడే పొడుగు లీడ్ స్క్రూ బ్రాకెట్ దగ్గర చిన్న బాల్ ఉన్న నిపుల్స్ ఉంటాయి చూడండి, అవి ఆయిల్‌వి, గ్రీజుకి కాదు. గ్రీజు గన్ పెట్టి కొడితే లోపల దారి మూసుకుపోయి ఆ తర్వాత ఆయిల్ వేసినా బుష్ దాకా పోదు. ఈ మిషన్‌లో అదే జరిగింది, రెండు నిపుల్స్ పీకి కిరోసిన్‌తో కడిగితే ఇదిగో, ఈ అట్ట మీద ఉన్న గట్టి మైనం అంతా అందులోంచి వచ్చిందే.