అమ్మని వణికే మెషీన్ ఎక్కించాం | స్టుట్‌గార్ట్ వ్లాగ్

నమస్తే అండీ! "మీ అమ్మని అదేదో వణికే మెషీన్ ఎక్కిస్తున్నారంట, ఏమిటే అది?" అని గుంటూరు పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతోంది. పెద్దమ్మా, ఈ వీడియో నీకోసమే.

ఇదిగో, దీని పేరు గెలీలియో. ఆ కంపెనీ ఇక్కడ జర్మనీలోనే ఫోర్ట్స్‌హైమ్ అనే ఊళ్లో ఉంది, మాకు దగ్గరే. నిలబడితే కింద పలక ఎడమ పక్క లేస్తుంది, కుడి పక్క దిగుతుంది, మళ్లీ అటుది ఇటు. అమ్మకి సెకనుకు 6 సార్లతో మొదలుపెట్టి, ఇప్పుడు 12 దాకా తెచ్చారు. రెండు నిమిషాలు నిలబడటం, కూర్చోవడం, మళ్లీ ఎక్కడం. పల్లెవెలుగు బస్సులో వెనక సీటులా ఉందంట!

పలక కదిలినప్పుడల్లా పిక్కలు, తొడలు వాటంతటవే బిగుసుకుని వదులవుతాయి. కాలు జారినప్పుడు చప్పున నిలదొక్కుకోవాలంటే ఆ కండలే పనిచేయాలి కదా. 65 దాటినవాళ్లలో ఏటా 28 నుంచి 35 శాతం మంది పడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇప్పుడు మా దగ్గరుంది కానీ, తెనాలిలో అమ్మ ఒక్కతే ఉంటుంది. ఫోన్ ఎత్తకపోతే నాకు మొదట వచ్చే ఆలోచన బాత్రూమ్‌లో పడిందేమో అనే.

మోకాళ్లు కాస్త వంచే ఉంచాలి, బిగదీస్తే ఆ అదురు తల దాకా పోతుంది. అందుకే మోకాళ్లు కనిపించాలంది ఫిజియో అమ్మాయి. అమ్మ వెంటనే కుచ్చిళ్లు ఎత్తి నడుముకి దోపేసింది. చెప్పులైతే ఎవరూ చెప్పకముందే గుమ్మం దగ్గర విడిచింది!

ఒక్కసారికి 15 యూరోలు, అంటే దాదాపు 1,500 రూపాయలు. అమ్మకి ఇక్కడి ఇన్సూరెన్స్‌లో ఇది రాదు, మేమే కడుతున్నాం. బయటికొచ్చి కాఫీ తాగితే ఇంకో 400. "నాలుగొందలకి ఇంట్లో నెలకి సరిపడా డికాక్షన్ తీస్తానే" అంది, కప్పు మాత్రం ఖాళీ చేసింది. పక్క టేబుల్ దగ్గర ఎనభై ఏళ్ల బామ్మగారు, తోసుకునే చక్రాల బండితో ఒక్కరే వచ్చి, కేక్ తిని, సంచి సర్దుకుని వెళ్లిపోయారు. నాకు ఆమెని చూస్తే ముచ్చటేసింది. మా అమ్మ కూడా అలా తిరగాలి.

ఎముకలు గట్టిపడతాయా అంటే, అధ్యయనాల్లో ఫలితాలు ఒకేలా లేవు. కాళ్ల బలం, నిలకడ విషయంలో చాలామందికి మేలు కనిపించింది. ఆన్‌లైన్‌లో కొవ్వు కరుగుతుందని అమ్మే పలకలు చూసి ఎవరూ కొనకండి, దయచేసి.

పెద్దమ్మా, నీకు మోకాలి మార్పిడి అయ్యింది, కిడ్నీలో రాయి కూడా ఉందన్నావు. ఇక్కడ ఎక్కించేముందు నింపే ఫారంలో ఆ రెండూ అడుగుతారు, పేస్‌మేకర్ ఉందా అని కూడా. మీ డాక్టరు సరే అనేదాకా వద్దు. అప్పటిదాకా వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం చెయ్, పక్కన వదినని ఉండమను. నీ రిపోర్టులు వాట్సాప్‌లో పెట్టు, మంగళవారం వెళ్లినప్పుడు ఫిజియోకి చూపిస్తా.