కిటికీ లేని గదికి ప్లాస్టిక్ ఆకులు: ఆరు నెలలు వాడాక నా రివ్యూ

నమస్తే అండి. ముందు ఒక్క నిమిషం ఈ లైట్లు ఆపేస్తాను, చూడండి. ఏమైనా కనపడుతోందా? లేదు కదా. ఇప్పుడు పగలు పదకొండు గంటలు, బయట తిరుపతి ఎండ మాడ్చేస్తోంది, ఇక్కడ మాత్రం అర్ధరాత్రే. కొర్లగుంటలో మా ఇల్లు రెండు వైపులా పక్కిళ్ళ గోడలకు ఆనుకుని ఉంటుంది, నడుమ ఇరుక్కున్న ఈ ఎనిమిదడుగులకు ఏడడుగుల గది ఒకప్పుడు బియ్యం మూటలు, పాత ట్రంకు పెట్టెలు పడేసే సామాన్ల గది. ఇప్పుడు నా ఆఫీసు. రోజంతా ఉత్త గోడ చూస్తూ కూర్చోలేక ఈ గోడంతా అరలు కొట్టించి ప్లాస్టిక్ మొక్కలు పెట్టుకున్నాను.

మొత్తం ఆరున్నర వేలయింది. అందులో రెండు వేలు బూడిదలో పోసిన పన్నీరే, ఆ సంగతే ముందు చెబుతాను.

మొదట ఆన్‌లైన్‌లో గడ్డి మ్యాట్లు తెప్పించాను, గోడకు అతికించేవి. ఫోటోలో తలకోన అడవిలా ఉంది. డబ్బా విప్పితే కొత్త చెప్పుల షాపు వాసన! కిటికీ ఉన్న గదైతే రెండు రోజుల్లో పోతుంది, ఇక్కడ దానికి దారేది? మిద్దె మీద నాలుగు రోజులు ఆరేసి, వాసన తగ్గాక తెచ్చి గోడకు నేరుగా అతికించేశాను. అది ఇంకో తప్పు. 2021 నవంబరు వానలు తిరుపతి వాళ్ళెవరూ మర్చిపోరు కదా, అప్పుడు నానిన గోడ ఇది, వానాకాలం వస్తే ఇప్పటికీ చెమ్మ లాగుతుంది. నెలన్నర తర్వాత ఓ మూల మ్యాట్ లాగి చూస్తే వెనక నల్లగా బూజు. గాలి ఆడకపోతే అంతే. అన్నీ పీకి, గోడ గీకించి, చెమ్మ ఆపే కోటింగ్ వేయించి, అప్పుడు అరలకొచ్చాను.

అరలు ఏడంగుళాల వెడల్పు ప్లైవుడ్. ఇంకా వెడల్పు పెట్టిస్తే కుర్చీ వెనక్కి జరిపినప్పుడల్లా తలకు తగులుతుంది. గోడకీ అరకీ మధ్య వేలు దూరేంత సందు వదిలించాను. వడ్రంగాయన "ఎందుకమ్మా, పెన్ను పడిపోతుంది" అన్నాడు. పడింది కూడా, రెండుసార్లు. అయినా ఆ సందు ఉండాల్సిందే.

ఇప్పుడు అసలు సరుకు. ఇదిగో, ఈ ఆకు కెమెరా దగ్గర పెడుతున్నాను. అంచున సన్నటి గీత ఉంది చూశారా, అచ్చులో రెండు పలకలు కలిసిన చోటు అది. కొన్నిటికి ఆ గీత గోరుకు తగిలేంత ఉంటుంది, అవి కొనకండి. ఇప్పుడు ఆకు వెనక్కి తిప్పుతాను. ముందూ వెనకా ఒకటే పచ్చ! మా వీధి చివర మామిడి చెట్టు కొమ్మ చూడండి, చివర చిగురు రాగి రంగులో, కింద ముదురాకు నల్లటి పచ్చలో, వెనక్కి తిప్పితే వెలిసినట్టు, నడుమ ఒకటి పురుగు కొరికింది. ప్లాస్టిక్ మొక్కలో ఆకులన్నీ ఒకే రోజు పుట్టినట్టుంటాయి, మన కన్ను దాన్నే పట్టేస్తుంది. అందుకని ఒకే రకం పది కుండీలు కాకుండా మూడు నాలుగు పచ్చలు కలిపి కొన్నాను, మెరుపు లేనివే ఏరుకున్నాను. ఈ తీగలు చుట్టిన కొమ్మ మాత్రం నిజమైన ఎండు జామకొమ్మ, పక్కింటి పెద్దమ్మ చెట్టు కొట్టిస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. శేషాచలం నుంచి కాదు లెండి, నాకు కేసులొద్దు.

కానీ ఆకుల మీద పెట్టిన డబ్బు కంటే లైటు మీద పెట్టిందే పనిచేసింది. కొనేటప్పుడు డబ్బా మీద కెల్విన్ అంకె చూడండి, వెలుగు పసుపుగా ఉంటుందో నీలంగా ఉంటుందో చెప్పేది అదే. 6500 పెడితే ఆకులు నీలంగా, ఆస్పత్రి వరండాలో కుండీల్లా కనిపించాయి. 2700 పెడితే పచ్చదనమంతా ఉడికిన గోంగూర అయింది. 4000 దగ్గర కుదిరింది. దాంతో పాటు సీఆర్ఐ అని ఉంటుంది, ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, 90 దాటినది తీసుకుంటే రంగులు చచ్చిపోవు. ఎల్ఈడీ లైట్ల స్ట్రిప్పు కూడా అరకు వెనక వైపు కాదు, ముందంచు లోపల అతికించాలి, అప్పుడే వెలుగు ఆకుల మీద పడి నీడలు వెనక గోడ మీద పడతాయి. ఇదిగో, చెయ్యి అడ్డం పెడుతున్నాను... నీడ పోగానే మళ్ళీ షాపులో బొమ్మలైపోయాయి చూడండి.

గాలి శుభ్రం చేస్తాయని ఎవరైనా అమ్మితే నవ్వేసి రండి. ఇవి ప్లాస్టిక్. నిజం మొక్కల మీద 1989లో నాసా చేసిన ప్రయోగం కూడా గాలి చొరబడని చిన్న గదుల్లో చేసిందే, మన ఇళ్ళల్లో కాదు. నాకు గాలొచ్చేది తలుపు మీదున్న ఆ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వల్ల, ఇందాకటి నుంచి గుర్రుమంటోందే అది. దానికే ముందు డబ్బు పెట్టండి, ఆకులు తర్వాత.

ఇంకో మాట, నిప్పు. మా అవ్వ శుక్రవారం సాంబ్రాణి ఇల్లంతా తిప్పుతుంది. ఈ గది గుమ్మం దగ్గరే ఆపేస్తాను, ఇవి అంటుకుంటే బయటికి పోయే దారి ఒక్కటే. ఎల్ఈడీ అడాప్టర్ కూడా ఆకుల్లో దాచకండి, అది వేడెక్కుతుంది.

దుమ్ము సంగతి అడగొద్దు. పదిహేను రోజులకోసారి బకెట్ నీళ్ళల్లో రెండు చుక్కల షాంపూ వేసి ముంచి తీస్తాను, గుడ్డ ఆకులకైతే బ్రష్షే. మొన్న కడుగుతుంటే అవ్వ వచ్చి నిలబడి చూసి, "ఏమే, వీటిని తుడిచేదానికంటే నిజం చెట్టుకు నీళ్ళు పోసేది సులభం కదా" అంది. ఏం చెప్పను? నిజమే.

అందుకే, నా వెనక పై అరలో ఎడమవైపు సీసా ఉంది చూడండి, అది నిజం మనీ ప్లాంటు. ఇలాంటివి రెండున్నాయి, ఒకటి ఇక్కడ ఉన్న వారం రెండోది వరండాలో వెలుగు తింటుంది. ఈరోజు ఆదివారం, దీని వంతు అయిపోయింది. కెమెరా ఆపి దీన్ని బయట పెట్టి రావాలి.