ములుగు కింద పాత పగులు: భూకంపాలపై స్టూడియో చర్చ

సంధానకర్త: నమస్కారం. 2024 డిసెంబర్ 4, పొద్దున 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్‌లో, విజయవాడలో కూడా జనానికి తెలిసింది. భూమి పైపొర ప్లేట్లు అనే పెద్ద పెద్ద పలకలుగా ఉంటుందని, భూకంపాలు ఆ ప్లేట్ల అంచుల్లో వస్తాయని బళ్ళో చదువుకున్నాం. మేడమ్, ములుగు ఏ ప్లేటు అంచున ఉంది?

భూభౌతిక శాస్త్రవేత్త: ఏ అంచునా లేదండీ. హిమాలయాల దగ్గరున్న అంచు మనకు వెయ్యి కిలోమీటర్ల పైమాటే. బళ్ళో చెప్పింది తప్పు కాదు, కాకపోతే సగమే చెప్పారు. భూకంపం వచ్చేది ఫాల్ట్ అనే పగులు జారినప్పుడు. రాతిలో పగులు ఉన్నంత మాత్రాన ఫాల్ట్ కాదు. దానికి రెండు పక్కలా ఉన్న రాళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటూ జరిగి ఉండాలి. పెద్ద పెద్ద ఫాల్టులు ప్లేట్ల అంచుల్లో ఉంటాయి, నిజమే. కానీ ప్లేటు నడిమధ్యలో కూడా బోలెడున్నాయి.

విశ్రాంత గని సర్వేయర్: మా సింగరేణి గనుల్లో ఫాల్ట్ తెలియనివాళ్ళు ఉండరు. బొగ్గు పొర వెంట తవ్వుకుంటూ పోతుంటే ఉన్నట్టుండి బొగ్గు అయిపోయి ఎదురుగా రాతిగోడ వస్తుంది. పొర ఎక్కడికీ పోలేదు, అవతల కిందికో పైకో జరిగింది అంతే. ఆ గోడ మీద లైటు కొడితే నున్నగా మెరుస్తూ, సన్నటి గీతలు కనిపిస్తాయి. రాయి ఎటు జరిగిందో గీతలు అటే పోతాయి. అవతల పొర ఎంత లోతున దొరుకుతుందో లెక్కకట్టడం మా పని.

శాస్త్రవేత్త: సార్ చెప్పిన బొగ్గు అక్కడ మిగిలిందే ఫాల్టుల వల్ల. దాదాపు 30 కోట్ల ఏళ్ళ కిందట ఇప్పటి గోదావరి లోయ పొడుగునా నేల సాగి, రెండు పక్కలా ఫాల్టులు పడి, మధ్య భాగం కుంగడం మొదలైంది. ఆ పల్లంలో ఇసుక, మట్టి, చెట్టూచేమా పేరుకున్నాయి. ఆ సాగడం ఆగకుండా చివరిదాకా జరిగి ఉంటే నేల రెండుగా చీలి అక్కడ ఒక సముద్రం, ఒక కొత్త ప్లేటు అంచు పుట్టి ఉండేవేమో. మధ్యలో ఆగిపోయింది. ఫాల్టులు మాత్రం అలాగే ఉండిపోయాయి.

సంధానకర్త: అంత పాతవి ఇప్పుడెందుకు కదలాలి?

శాస్త్రవేత్త: తోపుడు ఆగలేదు కాబట్టి. భారత ప్లేటు ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి పోతోంది. అందులో దాదాపు 2 సెంటీమీటర్లు హిమాలయాల దగ్గరే నొక్కుకుపోతోంది. ఆ ఒత్తిడి అంచు దగ్గరే ఆగదు, ప్లేటు అంతటికీ పాకుతుంది. ఎక్కడ పాత పగులుందో అక్కడ జారుతుంది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది, అదీ ఈ లోయలోనే. గుజరాత్‌లోని కచ్‌లోనూ ఇదే కథ. ఒకప్పుడు నేల సాగినప్పుడు పడ్డ ఫాల్టులు ఇప్పుడు ఒత్తిడికి ఎదురు దిక్కున కదులుతున్నాయి. 2001లో భుజ్‌లో వచ్చింది 7.7.

సంధానకర్త: మరి 2025 మార్చిలో మయన్మార్‌లో వచ్చింది?

శాస్త్రవేత్త: అది అచ్చంగా అంచే. అక్కడి సగాయింగ్ అనే ఫాల్ట్‌కు పడమర ఒక ప్లేటు, తూర్పున ఇంకొకటి. పక్కపక్కనే రాసుకుంటూ పోతాయి. ఆ రోజు 400 కిలోమీటర్లకు పైగా ఒక్కసారే జారింది. ఒక సీసీ కెమెరాకు అది చిక్కింది. చూశారా మీరు? గేటు అవతలి నేల మొత్తం సెకనున్నరలోపే రెండున్నర మీటర్లు పక్కకు జరిగిపోతుంది. ఇన్నేళ్ళు చదివిన విషయమే అయినా, ఆ వీడియో మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

స్ట్రక్చరల్ ఇంజినీర్: మేడమ్, ఒక్క మాట. ఇల్లు కట్టుకునేవాడికి అంచా, మధ్యా అన్నది అంత ముఖ్యమా?

శాస్త్రవేత్త: ముఖ్యమేనండీ. అంచున ఉన్నవాళ్ళకు తాతల నాటి జ్ఞాపకమైనా ఉంటుంది, జాగ్రత్త పడతారు. ప్లేటు మధ్యలో ఫాల్ట్ వందల, వేల ఏళ్ళు కదలకుండా ఉండొచ్చు. మాకేం రాదులే అన్న ధీమా అక్కడే పెరుగుతుంది. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో జరిగింది అదే. గట్టి నేల అనుకున్న చోట 6.2 వచ్చింది, దాదాపు పదివేల మంది పోయారు.

ఇంజినీర్: కిల్లారి గురించి ఒప్పుకుంటాను. అయితే అక్కడ ప్రాణాలు తీసింది ఎక్కువగా ఇళ్ళే. మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, పైన బరువైన మట్టి మిద్దెలు. నిద్రలో ఉన్నవాళ్ళ మీద పడ్డాయి. ఇక భుజ్ భూకంపంలో 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. కింద పార్కింగ్ కోసం గోడల్లేకుండా ఉత్త పిల్లర్లు వదిలేసినవి చాలా దెబ్బతిన్నాయి. మన ఊళ్ళలో ఏ వీధికెళ్ళినా అలాంటివే కదండీ.

సర్వేయర్: మా భద్రాచలం, కొత్తగూడెం వైపు కూడా ఇప్పుడన్నీ అవే.

ఇంజినీర్: గోదావరి లోయ మూడో జోన్‌లో, అంటే భూకంప ముప్పు ఓ మోస్తరుగా ఉన్న ప్రాంతంలో ఉంది సార్, అక్కడ ఇంకా జాగ్రత్త కావాలి. పార్కింగ్ వద్దనడం లేదు. ఆ అంతస్తు బలహీనపడకుండా డిజైన్‌లోనే పిల్లర్లు బలంగా చూపించాలి, వీలైన చోట కాంక్రీట్ గోడలు ఇవ్వాలి.

సంధానకర్త: ఇల్లు కట్టిస్తున్నవాళ్ళు సైట్‌కి వెళ్తే ఏం చూడాలి?

ఇంజినీర్: పిల్లర్‌లో నిలువు కడ్డీల చుట్టూ కట్టే రింగులు చూడండి. రింగు కొసను 90 డిగ్రీలకు వంచి వదిలేస్తారు, పని తొందరగా అవుతుందని. పిల్లర్ ఊగినప్పుడు పైన కాంక్రీట్ రాలిపోతే ఆ కొస విచ్చుకుంటుంది, లోపలి కడ్డీలు బయటికి వంగిపోతాయి. 135 డిగ్రీలకు, అంటే కొస పిల్లర్ లోపలికి దిగేలా వంచాలి. బీమ్, పిల్లర్ కలిసే చోట రింగులు దగ్గర దగ్గరగా ఉండాలి. చాలాచోట్ల ఆ జాయింట్‌లో ఒక్క రింగూ ఉండదు. కాంక్రీట్ పోశాక చూడటానికి ఏమీ మిగలదు కాబట్టి, ముందు రోజే వెళ్ళి నిలబడి కట్టించుకోండి.