చలికి పెళుసుబారని ఉక్కు

ద్రవ నత్రజనిలో ముంచి ఉంచిన చిన్న ఉక్కు కడ్డీని పటకారుతో పైకి తీసి, అయిదు సెకన్లు దాటకుండా చార్పీ యంత్రంలో నిలిపి, బరువైన లోలకాన్ని దాని మీదికి వదులుతారు. కడ్డీ పొడవు 55 మిల్లీమీటర్లు, మందం 10 మిల్లీమీటర్లు. నడుమ 2 మిల్లీమీటర్ల లోతున ఒక గాడి ఉంటుంది. మామూలు ఉక్కయితే ఠక్కున రెండు ముక్కలవుతుంది, విరిగిన ముఖం అభ్రకపు పొడి అద్దినట్టు తళతళలాడుతుంది. చలికి తట్టుకొనే ఉక్కయితే వంగి, సాగి, ఆ తర్వాతే చిరుగుతుంది. ఆ ముఖం బూడిదరంగులో నారనారగా కనిపిస్తుంది. విరిగేలోగా లోహం ఎంత శక్తిని మింగిందో, అదే దాని టఫ్‌నెస్.

ఉక్కు వంగాలంటే స్ఫటికాల లోపల పరమాణువుల పొరలు ఒకదానిపై ఒకటి జారాలి. మామూలు ఉక్కులో ఈ జారుడుకు పరమాణువుల ఉష్ణ కంపనం తోడ్పడుతుంది. చలి ముదిరేకొద్దీ ఆ తోడ్పాటు తగ్గి, జారడానికి కావలసిన బలం పెరిగిపోతుంది. స్ఫటికం నిలువునా చీలడానికి కావలసిన బలం మాత్రం దాదాపు మారదు. అందువల్ల ఒక ఉష్ణోగ్రత దగ్గర వంగడం కంటే పగలడమే సులువవుతుంది. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో, నిశ్చలమైన నీటిలో కట్టి ఉంచిన షెనెక్టడీ అనే ట్యాంకరు నడుముకు విరిగింది. అటువంటి నౌకల విషయంలో అందరూ వెల్డింగును తప్పుపడుతుండగా, అసలు లోపం చలికి పెళుసుబారే ఉక్కులోనే ఉందని కేంబ్రిడ్జిలో లోహశాస్త్రవేత్త కాన్‌స్టన్స్ టిప్పర్ చూపించారు.

కార్బన్ పెంచితే బలం వస్తుంది, టఫ్‌నెస్ పోతుంది. రెండింటినీ కలిపి పెంచే ఉపాయం ప్రధానంగా ఒక్కటే: స్ఫటిక రేణువులను సన్నబరచడం. ఉక్కులో ఒక శాతంలో కొన్ని వందో వంతుల మేర నియోబియం అనే లోహాన్ని కలిపి, ఉష్ణోగ్రతను అదుపులో ఉంచుతూ రోలింగ్ చేసి (రోలర్ల మధ్య నొక్కి సాగదీసి) వేగంగా చల్లారిస్తే రేణువులు పెరగలేవు. ప్రతి రేణువు సరిహద్దూ పగులుకు ఒక అడ్డుగోడ అవుతుంది. అయితే వెల్డింగ్ వేడికి అతుకు పక్కన రేణువులు మళ్లీ లావెక్కుతాయి, కాబట్టి ప్లేటుకు ఎంత మంచి ధ్రువపత్రం ఉన్నా అతుకును విడిగా పరీక్షించకుండా నమ్మడం నా దృష్టిలో తెలివితక్కువ పని.

మైనస్ 162 డిగ్రీల ద్రవ సహజవాయువు ట్యాంకులకు రేణువులను ఇలా సన్నబరచడం ఒక్కటే చాలదు. అక్కడ 9 శాతం నికెల్ ఉక్కు వాడతారు. అది ఖరీదైన లోహమే గాని, మైనస్ 196 డిగ్రీల దగ్గరా నిలుస్తుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం 2008లో జపాన్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ మెటీరియల్స్ సైన్స్ పరిశోధకులు ప్రకటించిన ఉక్కు. ఖరీదైన మిశ్రమ లోహాలను పెద్దయెత్తున కలపకుండానే, ఒక మోస్తరు వేడిలో రోలింగ్ చేసి, రేణువులను కడ్డీ పొడవునా అతిసన్నని నారల్లా సాగదీశారు. 60 డిగ్రీల నుంచి మైనస్ 60 డిగ్రీల దాకా చల్లబరిచేకొద్దీ దాని టఫ్‌నెస్ తగ్గకపోగా పెరిగింది. కారణం, గాడి నుంచి బయలుదేరిన పగులు ఎదుటికి పోకుండా నారల వెంట పక్కలకు చీలిపోవడమే. వెదురును అడ్డంగా విరవబోతే అది నిలువునా చీలికలు కావడం వంటిదే ఇది. వెదురుకున్న బలహీనతే దీనికీ ఉంది: నారల దిశలో పగులు సులువుగా సాగుతుంది. పొడవునా లాగుడుకు గురయ్యే బోల్టుకు ఈ నిర్మాణం అనువైనది; అన్ని దిక్కులా ఒత్తిడి పడే ట్యాంకు గోడకు కాదు.