వంద శాండ్‌విచ్‌లకు జామ్ ఎంత, బటర్ ఎంత కొనాలె?

[దృశ్యం: టేబుల్ మీద బ్రెడ్ ప్యాకెట్, జామ్ సీసా, బటర్, చిన్న డిజిటల్ కాంటా]

నమస్తే. హన్మకొండ నుంచి రామప్ప, అక్కడి నుంచి లక్నవరం పోయే స్కూల్ బస్సు ఒకటి అనుకుందాం. పిల్లలు 40 మంది. టీచర్లు, డ్రైవర్, క్లీనర్ అందరు కలిపి ఇంకో 10 మంది. పొద్దుగాల ఆరింటికి బయలుదేరుడు, బస్సులనే టిఫిన్, బ్రెడ్డు జామ్. బ్రెడ్డు ఎన్ని ప్యాకెట్లో ఎవరైనా లెక్క చెప్తరు. జామ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఓ మూడు నాలుగు సీసాలు తేరాదు" అంటరు. ములుగు రాకముందే సీసా అడుగు కనబడితే వెనక సీట్ల పిల్లలకు ఉత్త బ్రెడ్డే దిక్కు. లేదంటే నాలుగు సీసాలకు నాలుగు విప్పి, సగం సగం మిగులుతయి.

ఈ లెక్క మనుషుల మీద మొదలుపెడితే తప్పుతది. పూత పడే పక్కలు ఎన్నో చూడాలె. ఒక స్లైసుకు రెండు పక్కలు, పూత పడేది ఒక్క పక్కనే. ఆ ఒక్క పక్కకు ఎన్ని గ్రాములు పడుతదో తెలిస్తే, మిగతాదంతా ఎక్కమే.

[దగ్గరి షాట్: కాంటా మీద ఒక స్లైసు. అంకె 24 చూపిస్తది. బటన్ నొక్కంగనే సున్నా.]

ఇది ఇంట్లనే చేసి చూడండి. కాంటా మీద ఒక స్లైసు పెట్టి సున్నా చేయండి. స్లైసు తీసి, మీరు రోజు పూసుకునేటట్టే జామ్ పూయండి. కత్తి నడిమిట్ల నుంచి నాలుగు మూలలకు పోవాలె. మూలలు ఉత్తగ ఉంటే ఆ లెక్క పనికిరాదు, ఎందుకంటే బస్సుల పిల్లలు ముందుగాల కొరికేది మూలనే. ఇప్పుడు మళ్ల కాంటా మీద పెట్టండి. 14, 15, 16... గిట్ల వస్తది. ఒక్క స్లైసుతోని ఆపొద్దు. మూడింటికి చేసి సగటు తీయండి, మొదటిది ఎప్పుడైనా కొంచెం మందంగ పడుతది.

ఆ 15 గ్రాములు ఎక్కడి నుంచి వచ్చినయంటే, మామూలు స్లైసు సుమారు పది సెంటీమీటర్ల పొడుగు, పది సెంటీమీటర్ల వెడల్పు ఉంటది. దాని మీద ఒక మిల్లీమీటరు మందం పూత అంటే 10 మిల్లీలీటర్లు. జామ్ నీళ్ల కంటె బరువు, మిల్లీలీటరుకు 1.3 గ్రాములు. అంటే 13 గ్రాములు. చేతి పూత అంతట ఒక్క తీరు పడదు గనక 15 పట్టుకోవాలె. బటర్ నీళ్ల కంటె తేలిక, పైగా అర మిల్లీమీటరు పూస్తే చాలు. అందుకే 5 గ్రాములు.

ఈ లెక్కల ఒక చిక్కు ఉన్నది. బేకరీల పెద్ద బ్రెడ్డు తీసుకుంటే స్లైసు పన్నెండు బై పన్నెండు ఉంటది. చూస్తే రెండు సెంటీమీటర్లే పెరిగినట్టు అనిపిస్తది గాని, పూత పడే జాగ 100 నుంచి 144కు పోతది. జామ్ కూడ అంతే, దగ్గర దగ్గర సగం ఎక్కువ పడుతది. బ్రెడ్డు మారిస్తే లెక్క మళ్ల మొదటి నుంచి చేయాల్సిందే.

[స్క్రీన్ మీద: ఒక పక్కకు — బటర్ 5 గ్రా., జామ్ 15 గ్రా., పల్లీ బటర్ 16 గ్రా., పుదీన చట్నీ 10 గ్రా.]

కాంటా లేనోళ్లకు ఇంకో తొవ్వ ఉన్నది. 100 గ్రాముల బటర్ ముక్కను సమానంగ 20 ముక్కలు కోస్తే ఒక్కొక్కటి 5 గ్రాములు. జామ్‌కు టేబుల్ స్పూను వాడండి. తల కొట్టిన స్పూనుకు 20 గ్రాములు వస్తది, ముప్పావు స్పూను అంటే 15. అదే స్పూనుల బటర్ 14 గ్రాములే పడుతది, కాబట్టి "మనిషికి రెండు స్పూన్లు" అని అన్నింటికి ఒక్కటే లెక్క కట్టొద్దు.

ఇగ మన బస్సు. ఆరో తరగతి దాటిన పిల్లలు రెండు శాండ్‌విచ్‌లు తింటరు, పెద్దోళ్లు కూడ అంతే. ఒకటో, రెండో తరగతి పిల్లలైతే ఒకటి చాలు. మనయి పెద్ద పిల్లలు గనక 50 మందికి 100 శాండ్‌విచ్‌లు, 200 స్లైసులు.

బటర్ రెండు స్లైసులకు పూయాలె, జామ్ ఒక్కదానికే. బటర్ ఉన్నది రుచి కోసమే అనుకోవద్దు. జామ్‌ల తడి బ్రెడ్డులకు దిగకుండ ఆ కొవ్వు పొర అడ్డం ఉంటది. అది లేకుంటే గంట గంటన్నరల బ్రెడ్డు తడిసి మెత్తగయి, డబ్బాల ఒకదానికొకటి అంటుకుంటయి.

[స్క్రీన్ మీద: బటర్ 200 × 5 = 1000 గ్రా. జామ్ 100 × 15 = 1500 గ్రా.]

దీని మీద వృథా కలపాలె. జామ్ సీసా గోడకు, మూతకు, కత్తికి అంటుకునేది ఉంటది కాబట్టి పది శాతం, అంటే 1650 గ్రాములు. కిలో సీసా ఒకటి, 700 గ్రాములది ఒకటి తీసుకుంటే సరిపోతది. ఇదే జామ్ చిన్న చిన్న సీసాలల్ల కొంటే గోడకు అంటేది పెరుగుతది. బటర్‌కు ఐదు శాతం చాలు. 500 గ్రాములయి రెండు, 100 గ్రాములది ఒకటి. సీసా సైజు చూసి కొనొద్దు, లేబుల్ మీద నికర బరువు చదవండి. గాజు మందంగ ఉన్న సీసా పెద్దగ కనబడి మోసం చేస్తది.

బ్రెడ్డు 400 గ్రాముల ప్యాకెట్‌ల 16 స్లైసులు ఉంటే, రెండు చివరి ముక్కలు తీసేసి 14 లెక్కబెట్టండి. 15 ప్యాకెట్లకు 210 వస్తయి. ప్యాకెట్ ప్యాకెట్‌కు స్లైసులు మారుతయి, ఒకటి విప్పి లెక్కబెట్టినంకనే మిగతావి కొనండి.

బటర్ వద్దనుకుంటే జామ్ 20 గ్రాములకు పెంచాలె, రెండో స్లైసు పొడిగ ఉంటది గనక. అప్పుడు వృథాతోని 2 కిలోల 200.

[దగ్గరి షాట్: ఫ్రిజ్‌లకెల్లి తీసిన బటర్, కత్తి కింద స్లైసు చినుగుతది]

లెక్క సరిగ్గ ఉన్నా సరుకు తక్కువ పడిందంటే, చాలసార్లు బటరే కారణం. చల్లటి బటర్ పూతగ పరుచుకోదు, గడ్డలు గడ్డలుగ పడుతది. స్లైసు చినుగుతది, 5 గ్రాముల జాగల 10 పోతది. డిసెంబర్ల అయితే రాత్రి పడుకునేటప్పుడే బయట పెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల దీనికి ఉల్టా. 32, 35 డిగ్రీల నడుమ బటర్ కరుగుతది. మన వరంగల్ ఎండకు అది నూనె తీరు బ్రెడ్డులకు ఇంకిపోతది, పూసిన పక్క పొడిగ కనబడుతది, పూసేటోళ్లు మళ్ల పూస్తరు. ఎండకాలం ఇరవై నిమిషాల ముందు తీసి, తెల్లారకముందే పూసుడు అయిపోవాలె.

రెండో కారణం, ఎవరిది వాళ్లు పూసుకునుడు. సీసా నడుమ పెట్టి స్పూను వేస్తే మనిషి మనిషికి చెయ్యి మారుతది, పక్కకు 20 గ్రాములకు తగ్గదు. అట్ల పెట్టేది ఉంటే జామ్ మూడో వంతు ఎక్కువ కొనండి, లేదంటే 15 గ్రాముల చిన్న జామ్ కప్పులు తీసుకోండి. మా మాట అడిగితే మాత్రం ఇద్దరు కూసొని ముందే పూసుడు మంచిది. ఒక్కరు నిమిషానికి రెండు చేస్తే, ఇద్దరికి అరగంటల వంద అయిపోతయి.

పల్లీ బటర్ పెట్టేటోళ్లు పల్లీలు పడని పిల్లలు ఎవరన్న ఉన్నరా అని ఇండ్లల్ల ముందే అడగాలె. ఇది మరిచిపోయే పని కాదు. పచ్చిగుడ్డు మయోనైజ్ బస్సు ప్రయాణానికి అసలే వద్దు. వేడికి తొందరగ ఖరాబైతది. 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు మన రాష్ట్ర ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడ.

[దృశ్యం: బీట్ బజార్ల కిరాణా దుకాణం]

కొనేటప్పుడు దుకాణంల ఒక ముచ్చట అడగండి.

"అన్నా, ఇంకో సీసా ఎక్కువ తీస్కపోత. మూత విప్పకుంటె వాపస్ తీస్కుంటవా?"

"సీల్ మంచిగుంటె తీస్కుంట. బిల్లు మాత్రం తేవాలె."

ఆ ఎక్కువ సీసా సంచిల అడుగున పెట్టండి. మొదటి రెండు ఖాళీ అయ్యేదాక దాని మూత ముట్టొద్దు.