ఎడారి పార్కుల రోడ్ ట్రిప్‌కి ఈ ప్లానింగ్ యాప్ కొనాలా? ఆ ఒక్క బటన్ మాత్రం నొక్కకండి!

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తాను, ఈ యాప్ కంపెనీ వాళ్లు నాకు ఏడాది ప్రీమియం సబ్‌స్క్రిప్షన్ ఉచితంగా ఇచ్చారు. డబ్బులు ఇవ్వలేదు, ఏం చెప్పాలో రాసి పంపలేదు. కింద కూపన్ కోడ్ ఉంది, దాంతో మీరు కొంటే నాకూ కొంత ముడుతుంది. యాప్ పేరు స్క్రీన్ మీద కనిపిస్తోంది కదా, నేను పలికితే వాళ్లే గుర్తుపట్టరు, వదిలేయండి. నెలకెంత, ఎన్ని స్టాపులు పెట్టుకోవచ్చు, ఆండ్రాయిడ్‌లో ఎలా ఉంటుంది, ఇవన్నీ మీరు ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు. నేను దీన్ని ఒక్క పనికే వాడాను. అమ్మానాన్నలను తీసుకుని మే నెలలో ఎడారి పార్కులు తిరగడానికి.

మేముండేది అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ పక్కన, చాండ్లర్‌లో. రూటు ఇదీ. ఇక్కణ్ణుంచి పేజ్ అనే ఊరు, అక్కణ్ణుంచి యూటాలోని జయాన్ పార్కు, తర్వాత వేగాస్, డెత్ వ్యాలీ, మొహావీ ఎడారి మీదుగా జాషువా ట్రీ, మళ్లీ ఇల్లు. ఒక చుట్టు చుట్టి రావడమన్నమాట.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ యాప్‌లో పైన కుడివైపు ‘ఆప్టిమైజ్’ అని ఒక బటన్ ఉంటుంది. వాళ్ల ప్రకటనలన్నీ దాని మీదే. మీరు చూడాలనుకున్నవన్నీ వేసేసి ఒక్క నొక్కు నొక్కితే, మైళ్లు తగ్గేలా వరస మార్చి ఇస్తుంది. ఊళ్లలో తిరిగేటప్పుడు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కాదనను. ఎడారిలో మాత్రం దీని తెలివి చూడండి.

డెత్ వ్యాలీకి నేను వేసుకున్న ప్లాన్ ఇది. వేగాస్‌లో పొద్దున్నే తెమిలి పారంప్ మీదుగా వెళ్లి, ఎండ ముదిరే వేళకు డాంటేస్ వ్యూ ఎక్కేయాలి. అది 5,475 అడుగుల ఎత్తు. కింద లోయలో మాడిపోతున్నా పైన గాలి చల్లగా ఉంటుంది. రాత్రికి ఫర్నేస్ క్రీక్‌లో బస. తెల్లారుతుండగా జబ్రిస్కీ పాయింట్, అటునుంచి అటే బ్యాడ్‌వాటర్. బ్యాడ్‌వాటర్ తూర్పున బ్లాక్ మౌంటెన్స్ గోడలా నిలబడి ఉంటాయి, కాబట్టి పొద్దున పూట ఆ కొండ నీడలోనే నడవొచ్చు. అమ్మానాన్నలు వెంట ఉన్నప్పుడు ఆ నీడే కదండీ కావాల్సింది!

ఆప్టిమైజ్ నొక్కగానే ఏం చేసిందో తెలుసా? ఈ మూడూ ఒకే మధ్యాహ్నంలో కుక్కేసింది. బ్యాడ్‌వాటర్ మధ్యాహ్నం రెండున్నరకు! పక్కన ఆకుపచ్చ టిక్కు, ‘మైళ్లు ఆదా అయ్యాయి’ అని అభినందన. నాయనా, అది సముద్ర మట్టానికి 282 అడుగుల దిగువన ఉన్న ఉప్పు నేల. మే నెలలో అక్కడ పగటి ఉష్ణోగ్రత సగటునే 100 ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్. జూన్, జులైలలో ఇంకా పైకి పోతుంది. వేడి రోజుల్లో ఉదయం పది దాటితే లోయలో నడకలు పెట్టుకోవద్దని పార్క్ వాళ్లే చెప్తారు. 1913 జులై 10న ఫర్నేస్ క్రీక్‌లో నమోదైన 134 ఫారెన్‌హీట్ ఇప్పటికీ ప్రపంచ రికార్డే. ఈ యాప్‌కు మైలు తెలుసు, నిమిషం తెలుసు, ఎండ తెలియదు. మన పల్లెల్లో ఎవరినడిగినా చెప్తారు, మే నెల మధ్యాహ్నం ఎక్కడుండాలో.

చివరికి వరస నా పాత పద్ధతికే మార్చేశాను. ప్రతి స్టాపు పక్కన చిన్న తాళం గుర్తు ఉంటుంది, అది నొక్కితే యాప్ దాన్ని కదపదు. అన్నింటికీ తాళాలు వేసుకుంటూ పోయాను. మరి ఆప్టిమైజ్ ఎందుకు ఉన్నట్టు అంటారా? నేనూ అదే అడుగుతున్నా.

ఆ పొద్దున సంగతి ఒకటి చెప్పాలి. బ్యాడ్‌వాటర్‌లో కారు దిగి వెనక్కి తిరిగి చూస్తే కొండ మీద, బాగా ఎత్తున, ‘సముద్ర మట్టం ఇక్కడ’ అని ఒక తెల్లటి బోర్డు కనిపిస్తుంది. నాన్న మెడ పైకెత్తి దాన్ని కాసేపు చూసి, “మరి సముద్రం ఎటెళ్లిందిరా?” అన్నారు. ఆ వీడియో క్లిప్ ఇదిగో. అమ్మ అయితే ఉప్పు చిటికెడు నాలిక మీద వేసుకోబోయింది, ఆపాను.

జయాన్‌లోనూ ఇదే వరస. లోపలి సీనిక్ డ్రైవ్‌లోకి షటిల్ బస్సులు తిరిగే రోజుల్లో సొంత కార్లను రానివ్వరు. సీజన్ అంతా అంతే. యాప్ మాత్రం రోడ్డు చివరి దాకా నీలం గీత గీసి, కొద్ది నిమిషాల డ్రైవ్ అంటోంది. షటిల్‌లో ఒక్కవైపే ముప్పావుగంట దాకా పడుతుంది. అదీ విజిటర్ సెంటర్ దగ్గర పార్కింగ్ దొరికితే. పొద్దున ఎనిమిది దాటితే ఆ ఆశ కూడా వదులుకోవచ్చు.

టైమ్ గొడవ చెప్పకపోతే అరిజోనాలో ఉండి దండగ. వేసవిలో గడియారాలను గంట ముందుకు జరపడం అరిజోనాలో లేదు, యూటాలో ఉంది. నవాహో నేషన్, అంటే నవాహో ఆదివాసుల సొంత ప్రాంతం, అరిజోనాలో ఉన్న భాగంలోనూ మారుస్తారు. దాని మధ్యలో ఉన్న హోపీ అనే మరో ఆదివాసీ తెగ వాళ్లు మార్చరు. పేజ్ పక్కనున్న ఇరుకు రాతి లోయ యాంటిలోప్ కాన్యన్ నవాహో వాళ్ల భూమి, అయినా పేజ్ దగ్గరి టూర్ల వాళ్లు నడిచేది అరిజోనా టైమ్‌తోనే. మాన్యుమెంట్ వ్యాలీకి పోతే నవాహో టైమ్. పేజ్ యూటా సరిహద్దులో ఉంది, ఫోన్ ఏ టవర్ పట్టుకుంటే ఆ టైమ్ చూపిస్తుంది. పొద్దున లేచి చూస్తే ఒకే మంచం మీద రెండు ఫోన్లు. నాన్న ఫోన్‌లో ఆరున్నర, నా దాంట్లో ఏడున్నర. నాన్న చేతి గడియారం ఇంకా ఇండియాలోనే ఉంది, ఏడు! యాప్ మా టూర్‌ను నవాహో టైమ్ లెక్కన వేసుకుని, మమ్మల్ని గంట ముందు తీసుకెళ్లి ఆ పార్కింగ్‌లో పడేసింది. అరిజోనా పార్కింగ్‌లో గంటంటే మాటలు కాదు. మీరు పేజ్‌లో ఉన్నన్నాళ్లూ ఫోన్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆపేసి ఫీనిక్స్ అని పెట్టుకోండి, టెన్షన్ ఉండదు.

ఇంతసేపు తిట్టాను కదా, ఇప్పుడు నచ్చింది చెప్తాను. నిజంగా చాలా నచ్చింది. గ్యాస్ అలర్ట్, అంటే ఇక్కడి భాషలో పెట్రోల్ అలర్ట్. మీ కారు ఎన్ని మైళ్లు పోతుందో ముందే చెప్పి పెడితే, రూటులో ముందు ఎక్కడా గ్యాస్ లేని చోటికి చేరబోయే ముందే ఫోన్ గట్టిగా మోగుతుంది. బేకర్ అనే చిన్న ఊరు ఉంటుంది, అక్కడ 134 అడుగుల ఎత్తున ఒక థర్మామీటర్ నిలబెట్టారు. ఆ 1913 రికార్డుకు గుర్తుగా, డిగ్రీకో అడుగు లెక్కన. దాన్ని ఫోటో తీసుకుంటుంటే మోగింది. ముందంతా మొహావీ ప్రిజర్వ్ అనే రక్షిత ఎడారి, లోపల గ్యాస్ దొరకదు, ఇక్కడే కొట్టించు అని. అక్కడ రేటు మండిపోతోంది, అయినా ఫుల్ చేయించాను. దారిలో సిగ్నల్ చచ్చిపోయినా మ్యాప్ మాత్రం ఆగలేదు, ముందే ఫోన్‌లోకి దించుకుంటుంది కాబట్టి. ఇంతకుముందు నేను వాడిన యాప్ అయితే సిగ్నల్ పోగానే బూడిద రంగు గళ్లు చూపించి మనల్ని దేవుడికి వదిలేసేది. యూటాలోని మోయబ్ ఊరి వైపు వెళ్లేవాళ్లకు ఈ అలర్ట్ ఇంకా అవసరం. అక్కడ ఐ-70 హైవే మీద గ్రీన్ రివర్ నుంచి సలైనా దాకా సుమారు 110 మైళ్లు, మధ్యలో ఒక్క గ్యాస్ స్టేషన్ ఉండదు.

నీళ్లకు కూడా ఇలాంటి అలర్ట్ పెట్టి ఉంటే ఈ వీడియో వేరేగా ఉండేది. మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే నాలుగు లీటర్లకు కాస్త తక్కువ. జాషువా ట్రీ లోపల తిండి దొరకదు, గ్యాస్ దొరకదు, నీళ్లు పార్కు అంచుల్లోనే. మా కూలర్‌లో పెరుగన్నం, పులిహోర ఉన్నాయి కాబట్టి గట్టెక్కాం. ఈ యాప్ సూచించే హోటళ్లలో అమ్మ తినేది ఫ్రెంచ్ ఫ్రైస్ ఒక్కటే.

రోడ్ల మూసివేతలు దీనికి తెలియవు. మేం వెళ్లినప్పుడు డెత్ వ్యాలీలో మూసి ఉన్న ఒక రోడ్డు మీదుగానే రూటు గీసింది. 2023 ఆగస్టులో హిల్లరీ తుఫానుకు ఫర్నేస్ క్రీక్‌లో ఒక్క రోజే 2.2 అంగుళాల వాన పడి, పార్కు దాదాపు రెండు నెలలు మూతపడింది. 1997 ఆగస్టులో లోయర్ యాంటిలోప్‌లో 11 మంది వరదకు పోయారు. వాన పడింది అక్కడ కాదు, మైళ్ల దూరంలో. జులై నుంచి సెప్టెంబర్ దాకా ప్లాన్ చేసేవాళ్లు ఈ యాప్‌ను నమ్మి ఇరుకు లోయల్లోకి దిగొద్దు.

నేషనల్ పార్కుల్లోకి వెళ్లే పాస్ ధర కూడా ఈ యాప్ తప్పే చూపిస్తోంది. 2026 జనవరి నుంచి అమెరికాలో ఉండేవాళ్లకు వార్షిక పాస్ 80 డాలర్లు, బయటి దేశాల వాళ్లకు 250. ఆ పాస్ లేకపోతే జయాన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్ లాంటి 11 పార్కుల్లో బయటి దేశాల వాళ్లకు మనిషికి 100 అదనం. మన కార్లలో విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలే కదా ఉండేది, బయల్దేరే ముందు ఈ పార్కులను నడిపే నేషనల్ పార్క్ సర్వీస్ సైట్‌లో ఒకసారి చదువుకోండి. యాంటిలోప్‌కు ఏ పాసూ పనికిరాదు, అక్కడ టూర్ టికెట్ వేరే.

మరి కొనాలా? ఏడాదికి వద్దు. ట్రిప్ ఉన్న నెలకు కట్టి, వచ్చాక ఆపేయండి, ఆ గ్యాస్ అలర్ట్ కోసమైనా. దాంతోపాటు పార్క్ సర్వీస్ వాళ్ల సొంత యాప్ ఉచితం, ఒక్కో పార్కును ఆఫ్‌లైన్‌లో దాచుకోవచ్చు. గేటు దగ్గర ఇచ్చే నల్ల పట్టీ కాగితం మ్యాప్ పారేయకండి. నాన్న దారంతా దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నారు, రెండుసార్లు యాప్ కన్నా ముందే మలుపు చెప్పారు.

ఆప్టిమైజ్ గురించి కంపెనీకి మెయిల్ పెట్టాను. టీమ్‌కు చెప్తామన్నారు. ఎండను కూడా లెక్కలో వేస్తే ఇంకో వీడియో చేస్తాను, ఈసారి సబ్‌స్క్రిప్షన్ నా డబ్బులతోనే కొని. మీ రూటు, ఏ నెలలో వెళ్తున్నారు అన్నది కామెంట్లలో పెట్టండి. జులైలో డెత్ వ్యాలీ అని రాస్తే మాత్రం తిడతాను.