సొంత పేరున్న కారుతో లె మాన్స్ గెలిచిన డ్రైవర్: రొండో ఎం379బి రివ్యూ

అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి మరో రివ్యూతో వచ్చాను. టేబుల్ మీద కనిపిస్తున్నది 1:43 నమూనా, అంటే అసలు కారులో 43వ వంతు సైజు బొమ్మ, తలుపు మీద 16వ నంబరు. బొమ్మ చక్కగానే ఉంది, దాని గురించి అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. మనం మాట్లాడుకోవాల్సింది అసలు కారు గురించి: రొండో ఎం379బి.

మన చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో పోటీల కోసం కార్లు తయారు చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు దీన్ని కాస్త శ్రద్ధగా చూడండి. "అన్నా, ఇంజిన్ కూడా మనమే చేస్తే?" అని అడుగుతుంటారు కదా. వద్దు. ఈ కారును తయారు చేసి నడిపిన ఫ్రెంచ్ డ్రైవర్ జాన్ రొండో కూడా ఆ జోలికి పోలేదు.

రొండో పుట్టింది ఫ్రాన్స్‌లోని లె మాన్స్ ఊళ్లోనే, 1946లో. ఊరి పక్కనే ఏటా 24 గంటల పందెం. చూస్తూ పెరిగినవాడికి అందులో దిగాలని ఉండటంలో వింత లేదు. 1976లో ఇనాల్టెరా అనే వాల్‌పేపర్ కంపెనీని ఒప్పించి, దాని పేరుతోనే కార్లు తయారు చేయించాడు. మరుసటి ఏడాది ఆ కారు మొత్తం మీద నాలుగో స్థానంలో నిలిచింది. అంతా బాగుందనుకునేలోపే కంపెనీ తప్పుకుంది, కార్లు అమ్ముడుపోయాయి. ఇంకొకరైతే అక్కడితో చాలనుకునేవారు. రొండో మాత్రం 1978లో తన పేరుతోనే ఎం378 తెచ్చి, తొమ్మిదో స్థానంలో ముగించాడు. 1979లో అయిదో స్థానం.

ఇప్పుడు ఇంజిన్. ఫోర్డ్ డబ్బు పెట్టగా కాస్‌వర్త్ రూపొందించిన 3 లీటర్ల డీఎఫ్‌వీ. 1967లో ఫార్ములా వన్ కోసం వచ్చిన వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) ఇది. డబ్బుంటే ఎవరైనా కొనుక్కోవచ్చు, ఎక్కడ చెడుతుందో అందరికీ తెలుసు. దీని ప్రధాన లోపం వణుకు. సుమారు రెండు గంటల పందేనికి చేసిన ఇంజిన్‌ను 24 గంటలు నడపాలంటే వేగాన్ని కొంత వదులుకుని, తక్కువ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) మీద నడపాలి. ఆ రాజీకి ఒప్పుకోవడమే ఈ కారు తెలివి. నా మార్కులు మొదట దానికే.

1980 జూన్. వాన. రొండో, జాన్ పియర్ జొసో వంతులవారీగా మన ఎం379బిలో. పోటీగా పోర్షే 908/80లో జాకీ ఇక్స్, రైన్‌హోల్డ్ యోస్ట్. ఇక్స్ అప్పటికే నాలుగుసార్లు గెలిచినవాడు, అయిదోది కావాలి. ఆదివారం ఉదయం పోర్షే గేర్‌బాక్స్‌లో అయిదో గేరు మొండికేసి, పిట్‌లో (ట్రాక్ పక్కన కార్లు బాగుచేసే చోట) చాలా సమయం పోయింది. చివర్లో మళ్లీ చినుకులు. ఇక్స్ వాన టైర్లకు మారాడు. జొసో మారలేదు, పొడి రోడ్డు కోసం చేసిన, గాళ్లు లేని నున్నటి టైర్లతోనే తడి రోడ్డు మీద నెట్టుకొచ్చాడు. నాకైతే అది ధైర్యమా, మొండితనమా అని ఇప్పటికీ సందేహమే. మొత్తానికి 338 ల్యాప్‌లు (ట్రాక్ చుట్లు), సుమారు 4,600 కిలోమీటర్లు. తిరుపతి నుంచి చిత్తూరుకు ముప్పైసార్లకు పైగా వెళ్లి వచ్చినంత, అదీ ఒక్క రోజులో! పోర్షే రెండు ల్యాప్‌లు వెనకబడింది. మూడో స్థానంలో ఉన్నదీ ఇంకో రొండోనే. తన పేరున్న కారును తానే నడిపి లె మాన్స్ గెలిచినవాడు మరొకడు లేడు.

ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు. ఆ రెండో భాగంలోనే దెబ్బ తగిలింది. 1982లో రొండో తర్వాతి కారు ఎం382 ఇటలీలోని మోన్జాలో గెలిచింది, ప్రపంచ ఛాంపియన్‌షిప్ చేతికందినట్టే కనిపించింది. కానీ వేరే తరగతిలో నడిచిన ఒక ప్రైవేటు పోర్షే పాయింట్లను కూడా లెక్కలో వేయడంతో టైటిల్ పోర్షేకు పోయింది. రూల్స్ చదవకుండా కారు తయారు చేసేవాళ్లు ఈ ముక్క రెండుసార్లు వినండి. అదే ఏడాది లె మాన్స్‌లో కొత్త పోర్షే 956లు మొదటి మూడు స్థానాలూ తీసుకున్నాయి. ఆ తర్వాత రొండో సంస్థ అప్పుల్లో మునిగి మూతపడింది. రొండో 1985 డిసెంబరులో, తన ఊరికి దగ్గర్లోనే లెవెల్ క్రాసింగ్ వద్ద రైలు ఢీకొని చనిపోయాడు. 39 ఏళ్లు.

మార్కులకు వస్తే, ఇంజిన్ ఎంపికకు పదికి పది, ఓపికకు పదికి పది. డబ్బు లెక్కలకు మూడు ఇస్తున్నాను, అదీ అభిమానంతో. వచ్చే వీడియోలో ఇదే డీఎఫ్‌వీతో 1975లో లె మాన్స్ గెలిచిన మిరాజ్ జీఆర్8 చూద్దాం.